కాంటా దగ్గర లెక్క చెప్పిన పిల్లాడికి నేను వేసిన సున్నా

నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు సర్కారు బడుల్లో పదిహేడేళ్లుగా లెక్కలు చెప్తున్నాను. "వాడు స్లో లర్నర్ సారూ, వాడి మీద టైం వేస్ట్ చేయకండి" అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు నేనూ అదే మాట అన్నవాడిని కాబట్టి ఇంకా ఎక్కువ మండుతుంది.

ఆరో తరగతిలో ఒక పిల్లాడుండేవాడు. ఆరు రాయమంటే తొమ్మిది రాసేవాడు, పదిహేడు రాయమంటే డెబ్బై ఒకటి. గుణకారాల స్లిప్ టెస్టులో సున్నా వేశాను. పత్తి ఏరే రోజుల్లో ఒక ఆదివారం వాళ్ల ఊరి మీదుగా పోతుంటే చేను గట్టున కాంటా పెట్టి తూకం వేస్తున్నారు. వాళ్లమ్మ ఏరింది ముప్పై ఏడు కిలోలు, కూలి కిలోకు పన్నెండు. మేస్త్రీ ఇంకా ఫోన్ తీయకముందే వీడు అందుకున్నాడు: "పది లెక్కన మూడొందల డెబ్బై, రెండు లెక్కన డెబ్బై నాలుగు. నాలుగొందల నలభై నాలుగు ఇయ్యాలె."

సంఖ్యను విడగొట్టి గుణించి కలిపే విభాగ న్యాయం అని నేను ఆ వారమంతా బోర్డు మీద రాసి వల్లె వేయించింది అదే. పేరు తెలియకపోయినా వాడికి న్యాయం తెలుసు. వాడికి తెలిసిందేమిటో చెప్పడానికి నేను పెన్ను ఒక్కటే దారి పెట్టాను, ఆ దారిలో వాడు నడవలేకపోయాడు. తప్పు ఎవరిది?

మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లకు వంకరపోయిన కాళ్లూ చేతులూ చూసిన జిల్లా మనది. రాయలేని చేతికీ తెలివికీ సంబంధం లేదని మనకు ఇంకొకరు చెప్పాలా?

మా బడిలో ఒక్క పాప వీల్‌చైర్ కోసం ర్యాంప్ కట్టించారు. ఇప్పుడు మధ్యాహ్న భోజనం వండే అక్కలు బియ్యం బస్తాలు దాని మీదుగానే ఎక్కిస్తున్నారు, ఒకటో తరగతి పిల్లలూ మెట్లు మానేసి దాని మీదుగానే వస్తున్నారు. పాఠాన్నీ అలాగే ముందే అందరి కోసం కట్టాలి. అమెరికాలో కాస్ట్ అనే సంస్థ దీన్నే యూనివర్సల్ డిజైన్ ఫర్ లెర్నింగ్ అంది. ఆసక్తి పుట్టించడానికి, విషయం చెప్పడానికి, వచ్చింది చూపించడానికి ఒకటికి మించి దారులుండాలన్నది దాని సారం. దీనికి స్మార్ట్ బోర్డులు అక్కర్లేదు. నేను చింతగింజలతో, గళ్ల కాగితంతో, బోర్డు మీదా ఒకే లెక్క చెప్తాను. జవాబు రాసినా, నోటితో చెప్పినా, గింజలు పేర్చి చూపించినా తీసుకుంటాను. అందరి దగ్గరా, ఆ ఒక్కడి దగ్గరే కాదు. అప్పుడు తెలిసింది, ముత్యాల్లా రాసే పిల్లల్లోనూ కొందరికి తాము ఏం రాశారో తెలియదని.

తండా పిల్లల సంగతి ఇంకో రకం. ఒకటో తరగతి చార్టులో బొమ్మ కింద 'అమ్మ' అని ఉంటుంది, ఇంట్లో ఆ పిల్ల పిలిచేది 'యాడి' అని. వీలైనంత వరకు మాతృభాషలోనే చెప్పాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. మేం చార్టులో రెండు మాటలూ తెలుగు లిపిలోనే రాశాం. అప్పటిదాకా నోరు విప్పని పాప ఆ రోజు వేలు పెట్టి చదివింది. పాలమూరు నుంచి పుణె, ముంబై వలసపోయి నెలల తర్వాత తిరిగొచ్చే పిల్లలకు పోయిన పాఠం మళ్లీ దొరికే ఏర్పాటు మాత్రం ఎక్కడా సరిగ్గా లేదు.

"ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు, ఎప్పుడు చేయాలి ఇవన్నీ?" అంటారు తోటి టీచర్లు. నిజమే. ఖాళీలు నింపాలని ప్రభుత్వాన్ని గట్టిగా అడగాల్సిందే. కానీ ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి నలభై నోటు పుస్తకాల్లో ఒకే జవాబు ఒకే తీరుగా ఉందా అని చూసి, లేదని నన్ను పిల్లల ముందే నిలదీశారు. ఆ పద్ధతి మారడానికి పైసా ఖర్చు లేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బంది కూడా ఉంది. అయినా చాలామంది తల్లిదండ్రులకు ఆ మాట పదో తరగతి పరీక్షలప్పుడే మొదటిసారి చెవిన పడుతోంది. అప్పటికి ఆ బిడ్డ తొమ్మిదేళ్లు 'మొద్దు' అనిపించుకుని ఉంటుంది.

ఏడాది మధ్యలో బడిలోనే వేసే ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కుల్లో 'పిల్లల భాగస్వామ్యం - ప్రతిస్పందనలు' అని ఒక కాలమ్ ఇప్పటికే ఉంది. చాలా బడుల్లో దాన్ని చివర్లో స్లిప్ టెస్టు మార్కులు చూసి అందాజాగా నింపేస్తున్నారు. టీచర్లూ, ఈసారి ఆ కాలమ్‌ను పిల్లల నోటితో విన్నాకే నింపండి.