పులియబెట్టాల్సింది బియ్యాన్ని కాదు

విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే మూడు బ్లాస్ట్ ఫర్నేసులు, అంటే ముడి ఇనుము తీసే కొలిములు ఉన్నాయి. వాటి నుంచీ, ఉక్కు తయారయ్యే కన్వర్టర్ల నుంచీ వెలువడే వాయువుల్లో కార్బన్ మోనాక్సైడ్ దండిగా ఉంటుంది. మనిషి పీలిస్తే ప్రాణం పోతుంది. ఆ విషవాయువునే తిని బతికే బ్యాక్టీరియా ఒకటుంది. క్లాస్ట్రిడియం ఆటోఈథనోజెనమ్ అనే ఆ జీవి మొదట దొరికింది కుందేలు పెంటికల్లో. దానికి ఆక్సిజన్ గిట్టదు, వెలుగు అక్కర్లేదు. నీళ్లు, కాసిని లవణాలు ఉన్న ట్యాంకులోకి వాయువును సన్నని బుడగలుగా వదిలితే చాలు, మన ఒంటివేడి దగ్గరే దాన్ని తిని ఇథనాల్ అనే ఆల్కహాల్‌ను విడుస్తుంది. ఇదీ ఒక రకం పులియబెట్టడమే.

ఇదేదో ల్యాబ్ కబురు కాదు. న్యూజిలాండ్‌లో పుట్టిన లాంజాటెక్ సంస్థ టెక్నాలజీతో చైనాలోని షౌగాంగ్ ఉక్కు కర్మాగారంలో 2018 నుంచే ఉత్పత్తి జరుగుతోంది. బెల్జియంలోని గెంట్‌లో ఆర్సెలర్ మిత్తల్ ఏటా 8 కోట్ల లీటర్ల సామర్థ్యంతో ప్లాంటు కట్టింది. 2022లో శాస్త్రవేత్తలు ఇదే బ్యాక్టీరియా జన్యువులను మార్చి అసిటోన్, ఐసోప్రొపనాల్ చేయించారు. గోళ్లరంగు తుడిచే ద్రవంలో ఒకటి, శానిటైజర్లలో మరొకటి వాడతాం. ఇవాళ ఈ రెండూ ఎక్కువగా పెట్రోలియం నుంచే వస్తున్నాయి.

మరి మనం ఏం పులియబెడుతున్నాం? పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2025లో దేశం అందుకుంది. అందుకోసం మొక్కజొన్నతో పాటు ఎఫ్‌సీఐ గోదాముల్లోని బియ్యాన్నీ, సర్కారుకు పడిన ఖర్చుకన్నా బాగా తక్కువ ధరకు డిస్టిలరీలకు ఇస్తున్నారు. తినే గింజకు ఈ గతి పట్టించడం మాకు సమ్మతం కాదు. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీలు వద్దని జనం రోడ్డెక్కారు. నీళ్లు, గాలి, పొలం పాడవుతాయన్న వాళ్ల భయాన్ని అభివృద్ధికి అడ్డుపడటంగా చిత్రించడం అన్యాయం.

గింజ తీశాక మిగిలే గడ్డి సంగతి వేరు. హార్వెస్టర్ కోసిన మడిలో అది చెల్లాచెదురుగా పడి ఉంటుంది. తర్వాతి పంటకు టైం మించిపోతోందన్న టెన్షన్‌లో రైతు అగ్గిపుల్ల గీస్తాడు. పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ 2022లో ప్రారంభించిన ఇథనాల్ ప్లాంటును ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డి వాడేలా కట్టారు. గడ్డిలోని గట్టి పీచును చక్కెరగా విడగొట్టడం కష్టమే, ఖర్చుతో కూడినదే. అయితే డిస్టిలరీకి చౌక బియ్యం రూపంలో ఇచ్చే రాయితీని గడ్డి మోపు కట్టే యంత్రానికి, పొలం గట్టు మీదే రైతు చేతికొచ్చే ధరకు ఎందుకు మళ్లించకూడదు?

ఉక్కు వాయువులు ఉత్తినే పోతున్నాయని మేము అనడం లేదు. విశాఖలో వాటిని మండించి కరెంటు తీస్తున్నారు, కొలిమిలకు వేడి ఇస్తున్నారు. బ్యాక్టీరియాకు మళ్లిస్తే ఆ లోటును సౌరవిద్యుత్తు లాంటి దానితో పూడ్చాలి. బొగ్గు కరెంటు కొని పూడిస్తే ఫలితం శూన్యం. పైగా ఇథనాల్‌ను బండిలో మండిస్తే అందులోని కార్బన్ మళ్లీ గాల్లోకే పోతుంది. అందుకే ఇంధనంకన్నా రసాయనాలు, ప్లాస్టిక్ ముడిసరుకుల మీద దృష్టి పెట్టడం మేలని మా అభిప్రాయం.

2024 ఆగస్టులో జీవసాంకేతికతతో వస్తువుల తయారీని ప్రోత్సహించే బయోఈ3 విధానాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. 2025 జనవరిలో విశాఖ ఉక్కుకు 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ఈ రెంటినీ కలిపి చూసే అధికారి ఢిల్లీలో ఒక్కరైనా ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అత్యధికంగా ఉండే కన్వర్టర్ వాయువుతో విశాఖలో ఒక పైలట్ ప్లాంటు పెట్టాలి. దానికి ఎంత కరెంటు, ఎన్ని నీళ్లు పడతాయో, వ్యర్థజలం ఎటు పోతుందో లెక్క తేల్చి, శంకుస్థాపనకు ముందే గాజువాక ప్రజల ముందు పెట్టాలి.