ఒక్క మనిషి కోసం ఒక చట్టం

మార్చి 21ని ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన దినంగా పాటిస్తుంది. దక్షిణాఫ్రికాలో మానవ హక్కుల దినం, ప్రభుత్వ సెలవు. 1960లో ఇదే రోజు షార్ప్‌విల్ పోలీస్ స్టేషన్ ముందు గుమిగూడిన నల్లజాతి జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క ప్రకారమే 69 మంది చనిపోయారు. చాలామందికి తూటాలు వెనక నుంచి తగిలాయి. అంటే పారిపోతున్నవాళ్లను కాల్చారు. ఇంతవరకు ప్రపంచానికి గుర్తుంది. ఆ జనం ఎవరి పిలుపు విని అక్కడికి వెళ్లారన్నది మాత్రం సభల్లో అంతగా వినిపించదు. పిలుపిచ్చిన మనిషి రాబర్ట్ మంగలిసో సోబుక్వే.

1924 డిసెంబర్ 5న గ్రాఫ్-రైనెట్ అనే చిన్న ఊళ్లో, పేదింట్లో పుట్టారు. తల్లి ఇళ్లలో వంటపని చేసేవారు. ఫోర్ట్ హేర్ కాలేజీలో చదివి, విద్యార్థి సంఘం అధ్యక్షుడయ్యారు. కొన్నాళ్లు స్టాండర్టన్‌లో స్కూలు టీచరు. తర్వాత జొహానెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికన్ భాషలు బోధించారు. ఆ రోజుల్లో ఒక నల్లజాతి యువకుడికి అంతకంటే మంచి ఉద్యోగం దొరకడం కష్టం. 1960 మార్చిలో ఆయన దానికి రాజీనామా ఇచ్చేశారు.

కారణం శ్వేతజాతి ప్రభుత్వం అమలు చేసిన పాస్ చట్టం. నల్లవాడు ఎక్కడ ఉండాలో, ఎవరి దగ్గర పనిచెయ్యాలో, నగరంలో ఉండే హక్కు ఉందో లేదో అన్నీ ఆ పాస్ పుస్తకంలో రాసి ఉంటాయి. పోలీసు అడిగినప్పుడు చేతిలో లేకపోతే అరెస్టే. పుట్టిన నేల మీద నడవడానికి పర్మిషన్ కావాలనే ఆ అవమానాన్ని ఒక్క రోజైనా ఎదిరించాలన్నది సోబుక్వే ఆలోచన. పాస్‌లు ఇంట్లో వదిలేసి పోలీస్ స్టేషన్లకు వెళ్లి, అరెస్టు చెయ్యమని అడగాలి. బెయిల్ అడగొద్దు, లాయర్‌ని పెట్టుకోవద్దు, జరిమానా కట్టొద్దు. ఉద్యమం శాంతియుతంగా సాగుతుందని పోలీసు కమిషనర్‌కు ముందుగానే ఉత్తరం రాశారు. ఆ ఉదయం జొహానెస్‌బర్గ్ శివారు సొవెటోలోని తన ఇంటి నుంచి ఓర్లాండో స్టేషన్ దాకా కిలోమీటర్ల కొద్దీ నడిచి వెళ్లి అరెస్టయ్యారు. జనాన్ని ముందుకు తోసి తాను వెనక నిలబడిన నాయకుడు కాదాయన.

మండేలా పార్టీ అయిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ మార్చి 31న తలపెట్టిన ఆందోళన కంటే ముందుండాలని తొందరపడ్డారని ఆయన మీద విమర్శ ఉంది. ఉండొచ్చు. కానీ చేతిలో ఆయుధం లేని జనం మీద తుపాకీ పేల్చింది సోబుక్వే కాదు.

కోర్టు మూడేళ్ల శిక్ష వేసింది. ఆయన అప్పీలు చెయ్యలేదు. 1963 మేలో శిక్ష పూర్తయ్యే వేళకు ప్రభుత్వానికి టెన్షన్ పట్టుకుంది. బయటికొస్తే మళ్లీ ఏం చేస్తాడో! కొత్త నేరం మోపడానికి ఆధారం లేదు. అందుకని పార్లమెంటు చట్టం మార్చింది. శిక్ష ముగిసిన ఖైదీని కూడా న్యాయశాఖ మంత్రి ఇష్టమున్నంతకాలం లోపలే ఉంచొచ్చు, ఆ నిబంధనను పార్లమెంటు ఏటా పొడిగించుకుంటూ పోవచ్చు. దాన్ని సోబుక్వే క్లాజ్ అన్నారు. దానికింద నిర్బంధించింది ఆయన ఒక్కరినే. ఆ చట్టానికి వ్యతిరేకంగా సభలో ఓటేసింది కూడా ఒక్కరే, ప్రతిపక్ష ఎంపీ హెలెన్ సుజ్మన్.

కేప్‌టౌన్ దగ్గర జైలుగా వాడిన రాబెన్ ద్వీపంలో మిగతా ఖైదీలకు దూరంగా, ఒక చిన్న ఇంట్లో ఆరేళ్లు ఒంటరిగా ఉంచారు. సొంత బట్టలు వేసుకోవచ్చు, పుస్తకాలు చదువుకోవచ్చు. ఎవరితోనూ మాట్లాడకూడదు. కాపలావాళ్లకు కూడా ఆయనతో మాట్లాడొద్దని ఆజ్ఞ. పనికి వెళ్తున్న ఖైదీలు దూరంగా కనిపిస్తే ఆయన గుప్పెడు మట్టి తీసి వేళ్ల సందుల్లోంచి జారవిడిచేవారు. మనం ఈ మట్టి బిడ్డలమని చెప్పడానికి ఆయనకు మిగిలిన భాష అదే. మాట్లాడటం మర్చిపోతున్నానని తనను చూడ్డానికి వచ్చిన సుజ్మన్‌తో అన్నారు. నర్సుగా పనిచేసిన భార్య వెరోనికా, నలుగురు పిల్లల్ని పెంచుకుంటూనే, భర్త ఆరోగ్యం గురించి మంత్రులకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఒక మనిషిని కొట్టకుండా, తిట్టకుండా ఎంత హింసించొచ్చో అక్కడ చూపించారు.

1969లో ద్వీపం నుంచి తీసుకొచ్చి కింబర్లీలో గృహనిర్బంధంలో పెట్టారు. అమెరికాలో ఉద్యోగం వచ్చినా వెళ్లనివ్వలేదు. నిర్బంధంలోనే లా చదివి లాయరుగా ప్రాక్టీస్ పెట్టారు. ఊపిరితిత్తుల కేన్సర్ వచ్చినప్పుడు వైద్యానికి ఊరు దాటాలన్నా అనుమతి కావాల్సి వచ్చింది. 1978 ఫిబ్రవరి 27న, 53 ఏళ్ల వయసులో చనిపోయారు.

ఇలాంటి మనిషి పేరు ఎందుకు వెనకబడింది? 1994లో గెలిచి అధికారంలోకి వచ్చిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ ఆయన పార్టీ కాదన్నది ఒక కారణం. 1959లో ఆయన ఆ పార్టీ నుంచి విడిపోయినవారితో కలిసి పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్ పెట్టారు. ఆయన జైల్లో ఉండగా ఈ కొత్త పార్టీ నుంచి పుట్టిన పోకో అనే సాయుధ దళాలు చేసిన హత్యలు కూడా దాని పేరుకు మచ్చ తెచ్చాయి. కానీ సోబుక్వే మాటల్లో ద్వేషం వెతికితే దొరకదు. వేర్వేరు జాతులు సఖ్యంగా ఉండాలనడం కూడా జాతులున్నాయని ఒప్పుకోవడమేనని, ఉన్నది మానవజాతి ఒక్కటేనని పార్టీ ప్రారంభ సభలో చెప్పారు. ఆఫ్రికాకే విధేయుడై, మెజారిటీ పాలనను ఒప్పుకున్న ఎవరైనా ఆఫ్రికనే అన్నారు.

ఆ ప్రసంగంలో మనవాళ్ల గురించీ ఉంది. అక్కడి భారతీయుల్లో వ్యాపారి వర్గం అణచివేసేవాళ్ల వైపు మొగ్గుతోందని, నేటాల్ రాష్ట్రంలో అణగారిన పేద కూలీలే ఆఫ్రికన్లతో కలిసి నడవగలరని చెప్పారు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నేటాల్ చెరకు తోటల్లోకి వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. వ్యాపారుల గురించి అన్నది కొందరికి కటువుగా తోచొచ్చు. మాకు మాత్రం అందులో ఆ కూలీల కష్టం తెలిసిన మనిషి కనిపిస్తున్నాడు.

ఆయన పేరు వెనకబడటానికి రెండో కారణం ఆయన వదలని భూమి ప్రశ్న. 1913 భూమి చట్టం నల్లవారికి దేశ భూమిలో 7 శాతమే కేటాయించింది, తర్వాత అది 13 శాతమైంది. 1994లో నల్లవారికి ఓటు హక్కు వచ్చి రెండు దశాబ్దాలు దాటాక, 2017లో ప్రభుత్వమే తేల్చిన లెక్కలో వ్యక్తుల పేరు మీదున్న వ్యవసాయ భూమిలో 72 శాతం శ్వేతజాతీయుల చేతిలో ఉంది. భూసేకరణ మీద 2025 జనవరిలో కొత్త చట్టం చేస్తే వాషింగ్టన్ నుంచి సాయం ఆగిపోయింది, దేశంలో కేసులు పడ్డాయి. షార్ప్‌విల్ మృతులకు పూలు పెడుతున్న ప్రభుత్వం, వాళ్లను పిలిచిన మనిషి పేరును ఆ పూల పక్కనే చెప్పాలి. ఆయన అడిగిన భూమి లెక్కకు జవాబు కూడా అక్కడే చెప్పాలి.