గౌరవనీయులైన కంటైనర్ గారికి పాలమూరు సన్మానం

పాలమూరు నేలలో పండిన కందికి ధర కట్టే అధికారం ఎవరిదని అడిగితే ఆర్థికశాస్త్ర గ్రంథాలు గిరాకీ అనీ సరఫరా అనీ ఏవో పాతకాలపు సమాధానాలు చెబుతాయి. ఆ గ్రంథకర్తలు మా వైపు మార్కెట్ యార్డులలో ఒక్క పూటైనా నిలబడి ఉండరు. ఇక్కడ ఖరీదుదారు కుడిచేత్తో దోసెడు కందులు తీసుకుంటాడు కానీ వాటి వంక చూడడు. ఎడమచేతిలోని సెల్‌ఫోన్ వంక చూసి, నిట్టూర్చి, కందులను తిరిగి కుప్పలోకి జారవిడిచి, "ఇంటర్నేషనల్ మార్కెట్ బాగ లేదు కాకా, కరోనా కెల్లి ఇంకా లేవలే" అని తీర్పు చెబుతాడు. అదే వారం అదే ఊరి కిరాణా కొట్టులో కందిపప్పు ధర విని నోరు తెరిచిన గృహిణికి, "కంటైనర్లు వస్తలేవమ్మా, కరోనా కాన్నుంచి కిరాయిలు పెరిగినయి" అని జవాబు వస్తుంది.

కరోనా వచ్చి అయిదేళ్లు దాటింది. మనుషులు మాస్కులు తీసి పారేశారు, బడులు తెరిచారు, పెండ్లిళ్లకు మళ్లీ వేలమంది వస్తున్నారు. ఒక్క కందుల వర్తకానికి మాత్రం ఇప్పటికీ నెగెటివ్ రిపోర్టు రాలేదు. ఈ రోగ లక్షణం విచిత్రమైనది: రైతు అమ్మేటప్పుడు ధరను పడగొడుతుంది, మనం కొనేటప్పుడు ధరను లేపుతుంది. రెండు దిక్కులా పనిచేసే వైరస్‌ను ఏ వైద్యుడూ ఇంతవరకు వర్ణించినట్టు లేదు.

న్యాయంగా మాట్లాడుకుందాం. మహమ్మారి ప్రపంచ పప్పుల వర్తకాన్ని కుదిపిన మాట నిజమే. 2020 మార్చిలో పశ్చిమ దేశాల జనం భయపడి సూపర్ మార్కెట్లలో ఎండు చిక్కుళ్లు, డబ్బా పప్పులు ఊడ్చుకుపోయారు. ఈజిప్టు తన పప్పుధాన్యాల ఎగుమతిని మూడు నెలలపాటు ఆపేసింది. మార్చి 25 నుంచి మన దగ్గర లాక్‌డౌన్ పడి మిల్లులు మూతబడ్డాయి, ఓడరేవుల్లో సరుకు దించే కూలీలు కరువయ్యారు. ఆ తర్వాత కంటైనర్ల కరువు వచ్చింది. నలభై అడుగుల కంటైనర్‌కు ప్రపంచ ప్రధాన మార్గాల్లో కరోనాకు ముందు సగటున 1500 డాలర్ల లోపు ఉన్న కిరాయి 2021 సెప్టెంబరు నాటికి 10,000 డాలర్లు దాటింది. కెనడాలో పప్పులు నింపుకోవడానికి ఆగితే ఆలస్యమవుతుందని ఓడల కంపెనీలు ఖాళీ పెట్టెలనే ఆసియాకు పరుగెత్తించాయి, ఎందుకంటే చైనా సరుకు మోస్తే వచ్చే కిరాయి ముందు పప్పు కిరాయి ఏ మూలకూ రాదు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పప్పు పండించేదీ, తినేదీ, కొనేదీ మన దేశమే కనుక ఆ దెబ్బ మనకు తగలకుండా ఉండదు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

పేచీ అంతా ఆ దెబ్బను నెత్తిన పెట్టుకుని ఊరేగించిన తీరుతోనే. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్ కాలువలో ఆరు రోజులు అడ్డం పడింది. దాన్ని కూడా కంది ధరకు ముడిపెట్టిన మేధావులు మా వైపు ఉన్నారు. మనకు కంది వచ్చేది ప్రధానంగా మొజాంబిక్, మలావీ, టాంజానియా వంటి తూర్పు ఆఫ్రికా దేశాల నుంచి, మయన్మార్ నుంచి. నకాలా రేవులో బయలుదేరిన ఓడ హిందూ మహాసముద్రం దాటి నేరుగా ముంబయి చేరుతుంది, యాంగోన్‌లో బయలుదేరినది బంగాళాఖాతం దాటి చెన్నైకి వస్తుంది. సూయజ్ మీదుగా రావాలంటే ఆ ఓడ నడిపేవాడికి మతి తప్పి ఉండాలి. కానీ యార్డులో భూగోళపటం ఉండదు కదా, సేటు చెప్పిందే భూగోళం.

ఇంతటి పలుకుబడి గల కంటైనర్‌ను మనం ఇన్నాళ్లూ ముఖాముఖి చూడకపోవడం మర్యాద కాదని నా అభిప్రాయం. కనుక వచ్చే జనవరిలో, కందులు యార్డుకు చేరే రోజుల్లో, గౌరవనీయులైన కంటైనర్ గారిని ఆహ్వానించి పౌరసన్మానం చేయాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను. వేలం పాటలు జరిగే షెడ్డులో వేదిక వేయాలి. నలభై అడుగుల అతిథికి మామూలు శాలువా చాలదు కనుక నారాయణపేట చీరలు నాలుగైదు కలిపి కుట్టించాలి. బంతిపూల దండను హమాలీలు నిచ్చెన వేసుకుని వేయాలి. మిల్లర్ల ప్రతినిధి స్వాగతోపన్యాసం చేస్తూ, ప్రయాణం కులాసాగా జరిగిందా, సముద్రంలో గాలి పడిందా అని పరామర్శించాలి. ఇక మర్యాదలన్నీ మౌనంగా సాగుతాయి. అతిథి ఒక్కసారి కిర్రుమంటే అధ్యక్షుల వారు దానిని నిరాశగా గ్రహించి కందుల ధర క్వింటాలుకు 200 తగ్గిస్తారు. రెండోసారి కిర్రుమంటే దానిని ఆందోళనగా గ్రహించి పప్పు ధర కిలోకు 5 పెంచుతారు.

అదే సభలో ఒక మూలకు కోస్గి నుంచి వచ్చిన గోనె సంచి నిలబడి ఉంటుంది. దానిని మాత్రం పద్ధతి ప్రకారం విచారించవలసిందే. ఆధార్ ఉందా, పట్టాదారు పాసుపుస్తకం ఉందా, వ్యవసాయ విస్తరణ అధికారి సంతకం ఉందా, తేమ 12 శాతం దాటిందా, తాలు ఎంత, మట్టి ఎంత, పురుగు కొరికిన గింజలెన్ని. అన్నింటికీ జవాబిచ్చాక, ఈ రోజుకు గోనె సంచులు అయిపోయినవి, రేపు రమ్మని చెప్పాలి. ఇంతలో ఎవరో ఓ తెలివితక్కువ హమాలీ వేదికెక్కి, లోపల సరుకు ఎంతుందో చూద్దామని కంటైనర్ తలుపు గొళ్లెం తీయబోతాడు. సభామర్యాద తెలియని అతణ్ణి వెంటనే బయటకు పంపవలసి ఉంటుంది. లోపల ఏమీ లేదన్న సంగతి వేదిక మీది పెద్దలందరికీ ముందే తెలుసు.

ఇక సన్మాన పత్రం చదివే పని ప్రభుత్వానిది. వారి సేవలు సామాన్యమైనవి కావు. 2020 మేలో రాష్ట్ర ప్రభుత్వం నియంత్రిత సాగు అని పేరు పెట్టి, వానాకాలంలో మక్కలు వేయవద్దు, కంది, పత్తి వేయండి, చెప్పినట్టు వినకుంటే రైతుబంధు పెట్టుబడి సాయం రాదని హెచ్చరించింది. రైతు కంది వేశాడు. అక్టోబరు వానలకు కొంత పోయింది. పంట కోతకు వచ్చే డిసెంబరు ఆఖరులో అదే ప్రభుత్వం, ఏ పంట వేసుకోవాలో మీ ఇష్టం, ప్రభుత్వం వ్యాపార సంస్థ కాదని ప్రకటించింది. కేంద్రం అంతకంటే చురుకైనది. మసూరి పప్పు దిగుమతి సుంకాన్ని 2020 జూన్‌లో 30 నుంచి 10 శాతానికి తగ్గించి, ఆగస్టు ఆఖరుతో గడువు ముగియనిచ్చి, సెప్టెంబరులో మళ్లీ తగ్గించి, తర్వాత డిసెంబరు దాకా సాగదీసింది. ఆ జూన్‌లోనే ఆర్డినెన్సు తెచ్చి, ఇకమీదట ఎవరైనా ఎంతైనా నిల్వ చేసుకోవచ్చు, ధర 50 శాతం పెరిగితే తప్ప మేము అడగబోమన్నది. తర్వాత చట్టంగా మారిన ఆ ఆర్డినెన్సు అమలును 2021 జనవరిలో సుప్రీంకోర్టు నిలిపివేసింది. జూలై 2న నిత్యావసర సరుకుల పాత చట్టం దుమ్ము దులిపి, టోకు వర్తకుడు 200 టన్నులకు మించి పప్పు ఉంచరాదని ఆజ్ఞాపించారు. జూలై 19న ఆ హద్దును 500 టన్నులు చేసి, దిగుమతిదారులకు అసలు హద్దే లేదని తీర్మానించారు. మన పంటను కొని నిల్వ చేసేవాడికి హద్దు, సముద్రం దాటించి తెచ్చేవాడికి స్వేచ్ఛ. సన్మానం ఎవరికి జరుగుతున్నదో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

అన్నింటికంటే ముఖ్యమైన తేదీ 2021 మే 15. కంది మద్దతు ధర అప్పుడు క్వింటాలుకు 6000. ఏళ్ల తరబడి మద్దతు ధర కిందనే పొర్లిన కంది ఆ వేసవికి దాని మీదికి తల ఎత్తింది. ఎత్తగానే కంది, మినుము, పెసర దిగుమతులకు ఏటా ఇంతేనని పెట్టిన కోటాలన్నీ తీసేశారు. అప్పుడు దేశం రెండో వేవ్‌లో ఆక్సిజన్ సిలిండర్ల కోసం పరుగెత్తుతున్నది. ఊళ్లలో రైతు ఇంట్లో పీనుగ ఉంది, పొలంలో దుక్కి ఉంది, జూన్ మొదటి వానకు విత్తవలసిన కంది డబ్బాలో ఉంది. ఆ నెలలో, ఆ పదిహేను రోజుల్లో, ఢిల్లీలో ఎవరికో పప్పు ధర జ్ఞాపకం వచ్చింది. ధర పడిపోయి కంది 5000 రావడమే గగనమైన సంవత్సరాల్లో ఎవరికీ జ్ఞాపకం రాలేదు. మద్దతు ధరకు కేంద్రం కొనేది పంటలో నాలుగో వంతేనని రాసి పెట్టుకున్న నాడు, మిగిలిన మూడు వంతులు ఎవరి నెత్తిన పోసుకోవాలో చెప్పడం ఎవరికీ జ్ఞాపకం రాలేదు. అంతకుముందు ఏడాది ముంబయిలో ఇటుకలు మోసి, పని పోయి, పిల్లలను భుజాన వేసుకుని నడిచి వచ్చిన మా పాలమూరు వలస కూలీలకు రేషను కార్డు లేకపోతే పప్పు కింద రెండు నెలలు ఇంటికి కిలో శనగలు చాలునని లెక్క కట్టినది కూడా ఈ జ్ఞాపకశక్తే. నెలకు ఒక కిలో, ఇంటిల్లిపాదికీ. దీనికి అంతర్జాతీయ పరిస్థితులు కారణమని ఎవడైనా నా ముందు అంటే నేను మర్యాదగా మాట్లాడలేను.

మొజాంబిక్ రైతు మీద నాకు కోపం లేదు. మన కోసమని కంది వేసుకున్న అతణ్ణి 2017లో మన కోటాలు ముంచేశాయి, కొనే నాథుడు లేక అక్కడ ధర కుప్పకూలింది. ఆ తర్వాత 2021లో ఏటా 2 లక్షల టన్నులు కొంటామని అయిదేళ్ల ఒప్పందం చేసుకున్నారు. అతని యార్డులో కూడా ఒక సేటు ఫోన్ చూసి నిట్టూర్చే ఉంటాడు.

2021 మేలో ఇచ్చిన ఆ స్వేచ్ఛ తాత్కాలికమే, అక్టోబరు 31 దాకానే అన్నారు. కందికి మాత్రం గడువు దగ్గరపడినప్పుడల్లా పొడిగించారు. 2024-25లో దేశంలోకి దిగిన పప్పులు 70 లక్షల టన్నులు దాటాయి, ఆ ఏడాది పంట యార్డుకు వచ్చేసరికి కంది 7550 మద్దతు ధర కిందికి జారింది. 2025 జనవరి 20న కంది దిగుమతి స్వేచ్ఛను 2026 మార్చి ఆఖరు దాకా పొడిగిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఫిబ్రవరి 1న బడ్జెట్‌లో పప్పుల్లో ఆత్మనిర్భరత సాధిస్తామని ఆరేళ్ల మిషన్ ప్రకటించారు. ఈ రెండు కాగితాల్లో దేన్ని నమ్మి కంది విత్తాలో వ్యవసాయ శాఖ వారు సెలవిస్తే బాగుంటుంది, జూన్ వానలు పడకముందే.