క్లచ్ నేర్చుకోవాలా, సగంలో వదిలేయొచ్చా?

తిరుపతి, బాలాజీ కాలనీ. మేనకోడలు ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకుని డ్రైవింగ్ స్కూల్లో గేర్ల కారు నేర్చుకుంటోంది. క్లాసులు సగం అయ్యాయి. మిగతావి క్లచ్ తొక్కే పనిలేకుండా గేర్లు తనే మార్చుకునే ఆటోమేటిక్ కారులో నేర్చుకుని, టెస్టుకి కూడా దాంతోనే వెళ్తానంటోంది. మామ ఆర్టీసీలో రిటైరైన డ్రైవరు, తిరుమల ఘాట్ డ్యూటీలు చేసినవాడు. ఆయనకిది నచ్చలేదు. ఇద్దరూ కల్పించుకున్న మనుషులే. వాదన మాత్రం కొత్త కారు కొనాలనుకునే ఏ ఇంట్లోనైనా వచ్చేదే.

మామ: సగంలో మారితే ఎట్లా పాపా? లండన్‌లో మావాడు ఆటోమేటిక్‌లో పాసయ్యాడు. లైసెన్సు ఆటోమేటిక్ వరకే ఇచ్చారు. గేర్ల కారు ముట్టుకోవాలంటే మళ్లీ టెస్టంట.

మేనకోడలు: అది బ్రిటన్ రూలు మామా. అక్కడ కూడా నేర్చుకునేటప్పుడు ఎన్నిసార్లైనా మారొచ్చు, వాళ్ల ప్రొవిజనల్ లైసెన్సు రెండిటికీ పనికొస్తుంది. టెస్టు ఏ కారులో ఇచ్చామన్నదే లెక్క. మాన్యువల్‌లో పాసైతే రెండూ నడపొచ్చు, ఆటోమేటిక్‌లో పాసైతే అదొక్కటే. తర్వాత గేర్లు కావాలంటే థియరీ అక్కర్లేదు, రోడ్డు టెస్టు మళ్లీ ఇస్తే చాలు. మన దగ్గర ఆ తేడానే లేదు. 1988 మోటారు వాహనాల చట్టం గేరున్నవి, లేనివి అని విడదీసింది బైకులనే. కారు ఏదైనా లైట్ మోటార్ వెహికల్ కిందే. నా ఎల్‌ఎల్‌ఆర్ మార్చుకునే పని కూడా లేదు.

మామ: నా భయమంతా అక్కడే ఉంది. చట్టం అడ్డు చెప్పదు కాబట్టి క్లచ్ ఎప్పుడూ తొక్కనివాళ్లు కూడా రేపు గేర్ల కారు తీసుకుని లీలామహల్ సర్కిల్‌లోకి రావొచ్చు. పోలీసులు ఆపినా కాగితాలన్నీ సరిగ్గానే ఉంటాయి. బ్రిటన్‌లో లైసెన్సే వద్దంటుంది. ఇక్కడ వద్దనేది ఎవరు?

మేనకోడలు: నేనే. గేర్ల కారు తీయనని నాకు నేనే అనుకుంటాను.

మామ: అనుకుంటావు. మీ ఇంట్లో ఉన్నది మీ నాన్న గేర్ల కారే కదా. అర్ధరాత్రి ఆయనకి గుండెల్లో నొప్పి వస్తే స్విమ్స్ ఆసుపత్రికి ఎవరు తీసుకుపోతారు?

మేనకోడలు: 108కి ఫోన్ చేస్తా. ఆ టెన్షన్‌లో నేను స్టీరింగ్ పట్టుకోవడమే తప్పు మామా, అది ఏ కారైనా సరే.

(ఈ జవాబు నాకు నచ్చింది. గుండెనొప్పి మాట చెప్పి నేర్పే డ్రైవింగ్‌లో ధైర్యం కంటే భయమే ఎక్కువ ఉంటుంది. కానీ మామ అంతకుముందు అడిగిన ప్రశ్న అలాగే ఉంది. చట్టం గీత గీయని చోట మనమే గీసుకోవాలి, అందరం గీసుకోము.)

మామ: సరే, అసలు ఎందుకు మారాలనుకున్నావో చెప్పు.

మేనకోడలు: అలిపిరి వైపు వెళ్లేటప్పుడు యాత్రికులు ఎట్లా నడుస్తారో నీకు తెలుసు. చంకలో పిల్లలు, నెత్తిన మూటలు, చూపంతా కొండ మీద. ఎప్పుడు రోడ్డుకి అడ్డం వస్తారో వాళ్లకే తెలియదు. నేనేమో ఆ టైములో సెకండా, థర్డా, హాఫ్ క్లచ్ ఎంత వదలాలి అని నా కాళ్ల గురించే ఆలోచిస్తుంటా. బండి ఆఫ్ అయితే వెనకనుంచి హారన్లు. అద్దాలు చూడటం కూడా మర్చిపోతున్నా. గేరు పని కారు చూసుకుంటే నేను మనుషుల్ని చూసుకుంటా.

మామ: అది మొదటి కొన్ని వారాలే. తర్వాత క్లచ్ సంగతి కాలే చూసుకుంటుంది, తలతో పని ఉండదు. ఆ గట్టు దాటకముందే దిగిపోతున్నావు.

మేనకోడలు: ఆ కొన్ని వారాలూ రోడ్డు మీద నడిచేది మనుషులే కదా మామా.

మామ: (కాసేపు ఆగి) ఆ మాట నిజమే. అయితే ఆటోమేటిక్‌లో ఉన్న ప్రమాదం కూడా విను. గేర్ల కారులో కంగారుపడి క్లచ్ తొక్కేస్తే ఇంజన్‌కీ చక్రాలకీ లింకు తెగిపోతుంది. ఆటోమేటిక్‌లో బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కితే బండి ఎగిరి ముందుకి దూకుతుంది. పార్కింగ్‌లో గోడలు గుద్దేది అట్లాంటప్పుడే. పైగా ఎడమ కాలు ఊరికే ఉండదు, పాత అలవాటు కొద్దీ క్లచ్ అనుకుని బ్రేకు మీద పడుతుంది. సగం గేర్లు నేర్చుకుని మారేవాళ్లకి ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

మేనకోడలు: అందుకే ఇప్పుడే మారతానంటున్నా. అలవాటు ముదరకముందే ఎడమ కాలు పక్కన పెట్టేస్తా. మొదటి క్లాసులు ఖాళీ గ్రౌండులోనే. బ్రేకు వదిలితే చాలు, దానంతటదే మెల్లగా పాకుతుంది కదా, యాక్సిలరేటర్ ముట్టకుండా బ్రేకు మీదే ముందుకీ వెనక్కీ నడుపుతా.

మామ: ఎవరు చెప్పారో గానీ సరిగ్గా చెప్పారు. మరి కొండ దిగేటప్పుడు? తిరుమల పైనుంచి దిగేది 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు, అన్నీ హెయిర్‌పిన్ మలుపులు. దిగేటప్పుడు వాసన వస్తోందంటే ఎవరో బ్రేకులు కాల్చుకుంటున్నారన్నమాట. మేము ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగేవాళ్లం. బండిని పట్టి ఉంచేది ఇంజనే, బ్రేకు మలుపు దగ్గర అవసరానికి మాత్రమే. సెంట్రల్ మోటార్ వెహికల్ రూల్స్‌లో టెస్టులో ఏం చూడాలో రాసినచోట కూడా అదే ఉంది. పల్లంలో గేరు తగ్గించాలి, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా కదిలించాలి. నువ్వేమో గేర్లు కారుకే వదిలేసే 'డి'లో పెట్టి దిగుతావు.

మేనకోడలు: 'డి'లోనే ఎందుకు దిగుతా? చాలా ఆటోమేటిక్ కార్లలో బండిని తక్కువ గేరులో ఉంచే 'ఎల్' ఉంటుంది, లేదా గేరు మనమే మార్చుకునే 'ఎం' ఉంటుంది. 'ఎం'లోకి జరిపి రెండో గేరుకి తెచ్చుకుంటే నువ్వు చెప్పిన పనే జరుగుతుంది. ఇంకో సంగతి చెప్పనా? 2022 బ్రహ్మోత్సవాలప్పటి నుంచి నీ ఘాట్ రోడ్డు మీదే ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు నడుస్తున్నాయి. వాటిలో క్లచ్ లేదు. దిగేటప్పుడు మోటారే బండిని పట్టి ఆపుతూ బ్యాటరీకి కరెంటు ఎక్కిస్తుంది.

మామ: వాటిని నడిపేవాళ్లు ఏళ్ల తరబడి హెవీ బండ్లు తోలి వచ్చినవాళ్లు పాపా. పల్లం చూడగానే వేగం ముందే తగ్గించాలని వాళ్లకి తెలుసు. క్లచ్ లేకపోయినా ఆ తెలివి ఉంటుంది. అది నీకెక్కడిది?

మేనకోడలు: నువ్వు నేర్పితే వస్తుంది. క్లచ్ తొక్కితేనే వస్తుందని ఎక్కడుంది?

(మామ దీనికి వెంటనే బదులు చెప్పలేదు. నాకు తెలిసి చెప్పడానికి బదులు లేదు కూడా. ఇంజన్‌తో బండిని ఆపడం క్లచ్ విద్య కాదు, పల్లం విద్య. అయితే ఆటోమేటిక్ నేర్పేవాళ్లలో 'ఎల్', 'ఎం' ఎందుకున్నాయో చెప్పేవాళ్లు తక్కువే. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లు గేర్ల కార్లలోనూ ఉన్నారు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే ఇప్పటి ఇంజన్లు పెట్రోలు ఆపేస్తాయి, కాబట్టి న్యూట్రల్‌తో మిగిలేదేమీ లేదు.)

మామ: ఏ ఆటోమేటిక్ కొంటావు?

మేనకోడలు: ఏఎంటీ అనుకుంటున్నా. ధర తక్కువ, మైలేజీ గేర్ల కారులాగే వస్తుందంటున్నారు.

మామ: అదేంటో తెలుసా? 2014లో సెలేరియోతో మన దేశానికి వచ్చింది. లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. నీ కాలి బదులు ఒక మర తొక్కుతుంది. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ట్రాఫిక్ ఆగిందనుకో, బ్రేకు మీద కాకుండా యాక్సిలరేటర్‌తో బండిని ఎత్తు మీద నిలబెట్టి ఉంచావంటే లోపల క్లచ్ అరిగిపోతుంది. క్లచ్ అంటే తెలియనివాళ్లే ఆ పని చేస్తారు.

మేనకోడలు: ఇది మాత్రం నాకు తెలియదు. అయితే ఆ కారులో, ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా కాసేపు పట్టి ఉంచే హిల్ హోల్డ్ ఉందో లేదో చూడాలి.

మామ: కొనేముందు ఎత్తు మీద ఆపి, బ్రేకు మీంచి కాలు తీసి చూడాలి. వెనక్కి జారితే ఇంకోటి చూసుకో. నేనూ వస్తాను.

మేనకోడలు: అంటే మారొచ్చా?

మామ: స్కూల్లో ఇంకా ఎత్తు మీద క్లాసులు కాలేదు కదా. అవి గేర్ల కారులో పూర్తి చెయ్. హ్యాండ్ బ్రేకు వేసి, హాఫ్ క్లచ్‌లో బండి లాగడం కాలికి తెలియనీ. ఆ తర్వాత నీ ఇష్టం. ఎల్‌ఎల్‌ఆర్‌కి 6 నెలల గడువుంది, తొందరేం లేదు.

మేనకోడలు: ఎత్తు క్లాసుల వరకు సరే. టెస్టుకి మాత్రం ఆటోమేటిక్‌లోనే వెళ్తా. నాన్న కారు తాళం నీ దగ్గరే ఉంచు.

మామ: తాళం ఉంచుతా. టెస్టు సంగతి ఇంకా ఒప్పుకోలేదు నేను.