తబలా పక్కన ఖాళీ చోటు

మొన్నటి ఉగాది సాయంత్రం మన హాలులో జరిగింది మీలో చాలామంది కళ్లారా చూశారు. పంచాంగ శ్రవణం ముగిసి, పచ్చడి పంచి, మన ఆర్కెస్ట్రా మొదటి పాట ఎత్తుకోగానే, నిరుడు అందులోంచి విడిపోయిన జట్టువారు కుటుంబాలతో సహా లేచి బయటికి నడిచారు. వారిలో కీబోర్డు వాయించే తమ్ముడు ఇరవై ఏళ్లకు పైగా నా తబలా పక్కనే కూర్చున్నవాడు. నా ముందునుంచి వెళుతూ తల తిప్పుకున్నాడు. చేతిలోని పచ్చడి కప్పును రుచి కూడా చూడకుండా తలుపు దగ్గరి కుర్చీ మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వాట్సాప్ గ్రూపులో పార్టీల గురించి పడిన మాటలే ఇందుకు కారణమని అందరూ అంటున్నారు. ఆ మాటలకు చాలా ముందే, చందాలతో కొన్న స్పీకర్లు ఎవరింట్లో ఉండాలి, ఆర్కెస్ట్రా పేరు ఎవరిది అన్న తగాదా మొదలైందని నాకు తెలుసు.

ఇంగ్లండు రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ కథ కూడా ఇలాగే నడిచింది. రోజర్ వాటర్స్ 1985లో బృందాన్ని వీడి, తాను లేకుండా ఆ పేరు ఎవరూ వాడరాదని మరుసటి ఏడాది కోర్టుకెక్కాడు. 1987 డిసెంబరులో రాజీ కుదిరి, పేరు బృందంలో మిగిలిన డేవిడ్ గిల్మోర్, నిక్ మేసన్‌లకు దక్కింది. రాజకీయం బాహాటంగా ముందుకొచ్చింది చాలాకాలం తరువాతనే. ఉక్రెయిన్‌కు మద్దతుగా 2022లో గిల్మోర్, మేసన్ ఆ పేరుతోనే పాట విడుదల చేశారు. 2023 ఫిబ్రవరిలో వాటర్స్ రష్యా ఆహ్వానంపై ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో మాట్లాడాడు. అదే నెలలో గిల్మోర్ భార్య పాలీ శామ్సన్ వాటర్స్‌ను యూదు ద్వేషిగా నిందించగా, గిల్మోర్ ఆమెను సమర్థించాడు, వాటర్స్ ఖండించాడు. అంతటి ఆరోపణను చిన్న విషయంగా కొట్టిపారేయమని నేననను. అయితే 2010లో వాటర్స్, గిల్మోర్ ఇద్దరూ కలిసి పాడింది పాలస్తీనా శరణార్థి పిల్లల సహాయం కోసమే కనుక, రాజకీయమొక్కటే వారిని విడదీసిందని నమ్మలేను.

2005 జూలై 2న లండన్ హైడ్ పార్కులో ఆ బృందం నలుగురూ 24 ఏళ్ల తరువాత ఒకే వేదిక ఎక్కారు. చివర్లో వెనకాడుతున్న గిల్మోర్‌ను వాటర్స్ చేయి చాచి పిలిచి, నలుగురూ భుజాల మీద చేతులు వేసుకుని నిలబడినప్పుడు, మా ఇంట్లో టీవీ ముందు నా పక్కన కూర్చుని కళ్లు తుడుచుకున్నవాడు ఈ తమ్ముడే. మూడేళ్లకు, 2008 సెప్టెంబరులో, ఆ నలుగురిలో కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్ కన్నుమూశాడు. ఆ నలుగురిని మళ్లీ ఒకచోట చూసే భాగ్యం అంతటితో పోయింది.

మా ఊళ్లో పార్టీలు వేరైనా వినాయక చవితి పందిట్లో అందరూ కలిసే భజన చేసేవారని మా పిల్లలకు చెబుతుంటాను. పార్టీకొక పందిరి వేసిన ఏళ్లూ ఉన్నాయి. ఆ ఏళ్లలో భజనకు మద్దెల ఒక పందిట్లో, హార్మోనియం ఇంకో పందిట్లో ఉండిపోయేవి.

కార్యవర్గ పెద్దలకు నా మనవి ఒక్కటే. స్పీకర్లను సంఘం పేరిట ఉంచి, దీపావళికి రెండు జట్లనూ ఒకే పాటకు పిలవండి. వాట్సాప్‌లో ఎవరి అభిప్రాయం వారిదే, దాన్ని ఎవరూ మార్చుకోనక్కరలేదు. తమ్ముడూ, నువ్వు ఇది చదువుతావని తెలుసు. రిహార్సల్ ఆదివారం మా ఇంట్లోనే. నీ కీబోర్డు స్టాండు నా తబలా పక్కన ఎప్పటి చోటే వేసి ఉంచుతాను.