ట్రాలీలో చక్రవర్తి

నిన్న పొద్దున నాణేల ప్రదర్శనకి వెళ్లాను. కరౌసియస్ నాణెం ఒకటి 45 పౌండ్లకి కొన్నాను. తిరిగొస్తూ మా ఆవిడని ఎక్కించుకుని సరుకులకి వెళ్లాం. వర్షం. ఇదంతా గబగబా చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కడివరకూ నా తప్పేమీ లేదు.

కరౌసియస్ ఎవరో ఒక్క ముక్కలో చెబుతాను (మా ఆవిడ దృష్టిలో నా ముక్క అంటే ముప్పావుగంట). రోమన్ నౌకాదళంలో అధికారి. సముద్రపు దొంగల్ని పట్టమని పంపిస్తే, వాళ్లు దోచుకోవడం పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు పట్టుకునేవాడని, దొరికిన సొమ్ము ఖజానాకి చేరేది కాదని ఆయన మీద అభియోగం. మాక్సిమియన్ చక్రవర్తి మరణశిక్ష వేశాడు. ఈయన తాపీగా 286లో బ్రిటన్‌లో జెండా పాతి, నేనే చక్రవర్తినని చెప్పుకుని, 293లో తన కింద పనిచేసే అలెక్టస్ చేతిలో చచ్చేదాకా ఏలాడు. అంతటితో ఆగాడా? అప్పటి అసలు చక్రవర్తులు డయోక్లీషియన్, మాక్సిమియన్‌ల బొమ్మల పక్కన తన బొమ్మ చెక్కించి, ‘కరౌసియస్, అతని సోదరులు’ అని రాయించి నాణెం కొట్టించాడు. ఆ సోదరులిద్దరూ ఈయన్ని చక్రవర్తిగా ఏనాడూ ఒప్పుకోలేదు. మన దగ్గర వార్డు మెంబరుగా ఓడిపోయినవాడు ముఖ్యమంత్రి పక్కన నవ్వుతూ ఫ్లెక్సీ కట్టించుకోడూ, అదే.

ఆ ఫ్లెక్సీ నాణెం కొనే స్తోమత నాకు లేదు. నాది మామూలు రకం. ఒకవైపు సూర్యకిరణాల్లా మొనలున్న కిరీటం, గడ్డం, ఎద్దుకున్నట్టు మెడ. రెండోవైపు ఆలివ్ కొమ్మ పట్టుకున్న శాంతి దేవత. అమ్మినాయన బుద్ధిగా చిన్న కాగితం కవర్లో పెట్టి ఇచ్చాడు. కవర్లో ఉంచితే నేను నేనెలా అవుతాను? సిగ్నల్ పడ్డప్పుడల్లా తీసి చూసుకుని, చివరికి కోటు జేబులో వేశాను. అదే జేబులో ట్రాలీ కోసమని దాచుకున్న పన్నెండు మూలల పౌండు బిళ్ల కూడా ఉంది.

ఇంగ్లండ్‌లో చాలా దుకాణాల్లో ట్రాలీలు ఒకదానికొకటి గొలుసుతో కట్టేసి ఉంటాయి. హ్యాండిల్ మీద చిన్న డబ్బా, దానికో చీలిక. పౌండు దూరిస్తే గొలుసు ఊడుతుంది, తిరిగి తెచ్చి తగిలిస్తే పౌండు బయటికొస్తుంది. ఒక్క పౌండు మేర కూడా మనల్ని నమ్మరన్నమాట. పౌండు వెడల్పు 23.43 మిల్లీమీటర్లు. నా చక్రవర్తిది 23, కవరు మీదే రాసి ఉంది. ఈ అర మిల్లీమీటరు తేడా కనిపెట్టలేని డబ్బాకి నన్ను అనుమానించే హక్కు ఎవరిచ్చారు?

సరుకులు కొన్నాం. కారులో సర్దాం. ట్రాలీ వదిలేసి వస్తానని వెళ్లిన మా ఆవిడ ఒక పౌండు తెచ్చి నా చేతిలో పెట్టింది. "అంతదూరం వెళ్లకుండానే ఒక పెద్దావిడ ఎదురొచ్చి, పౌండిచ్చి ట్రాలీ తీసుకుందండీ" అంది సంబరంగా. ఇక్కడ అదో మర్యాద. నేను ఆ పౌండు జేబులో వేశాను. టంగుమంది. వేళ్లతో తడిమాను. ఒక బిళ్లకి పన్నెండు మూలలున్నాయి. రెండోదానికీ పన్నెండు మూలలే ఉన్నాయి.

మూడో శతాబ్దంలో ఏ చక్రవర్తీ పన్నెండు మూలల నాణెం కొట్టించలేదు.

"ఎలా ఉంటుంది ఆ పెద్దావిడ?"

"తెల్లజుట్టు, నీలం కోటు."

ఆదివారం మధ్యాహ్నం మా ఊరు లెస్టర్‌లో తెల్లజుట్టు, నీలం కోటు అంటే, తిరుమల క్యూలో గుండు చేయించుకున్నాయన కోసం వెతకడమే. పైగా ఆదివారాలు పెద్ద దుకాణాలు ఆరు గంటలే తెరవాలని చట్టం. నాలుగింటికి మూసేస్తారు, అప్పటికే మూడున్నర. నేను లోపలికి పరిగెత్తాను. ఏ ట్రాలీ కనిపిస్తే ఆ ట్రాలీ మీదికి వంగి, హ్యాండిల్ దగ్గరి చీలికలోకి ఫోన్ లైటు వేసి చూడటం మొదలుపెట్టాను. చీలికలో నాణెం అంచు మాత్రమే కనిపిస్తుంది. అంచుని బట్టి పోల్చుకోవాలంటే పొద్దుటి నుంచీ నా మెడలో వేలాడుతున్న భూతద్దం కంటికి పెట్టుకోవాలి. పెట్టుకున్నాను. ఊహించుకోండి. మీరు బంగాళాదుంపలు ఏరుకుంటున్నారు. తడిసిన మనిషి ఒకడు వచ్చి, ఒక కంటికి భూతద్దం పెట్టుకుని, మీ ట్రాలీ హ్యాండిల్‌ని వాసన చూస్తున్నట్టు వంగి, ‘కాదు, ఇది పౌండే’ అని తెలుగులో గొణుక్కుని పక్క మనిషి మీదికి వెళ్లిపోయాడు. ఒక పిల్లాడు ఏడ్చాడు. ఒకాయన తన ట్రాలీని భార్య వెనక దాచాడు.

పదకొండో ట్రాలీ దగ్గర భుజం మీద చెయ్యి పడింది. సెక్యూరిటీ గార్డు.

నిజం చెప్పాను. రోమన్ నాణెం పొరపాటున ట్రాలీలో పడిందని. బయటికి గెంటేస్తాడనుకున్నాను. గెంటేసినా బాగుండేది. ఆయన కళ్లు మెరిశాయి. "ఏ చక్రవర్తిది?" అన్నాడు.

ఖాళీ దొరికితే మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొలాల్లో తిరిగే మనిషట. పిల్లి తిండి డబ్బాల వరసలో నన్ను నిలబెట్టి మొదలుపెట్టాడు. 2010లో సోమర్సెట్‌లో ఫ్రూమ్ దగ్గర పొలంలో ఒకే కుండలో 52,503 నాణేలు దొరకడం గురించి, అందులో ఏడొందలకి పైగా కరౌసియస్‌వే కావడం గురించి, అవి ఇప్పుడు టాంటన్ మ్యూజియంలో ఉండటం గురించి. ఆ తర్వాత 1996 నాటి నిధుల చట్టం. 300 ఏళ్లు దాటిన రాగి నాణేలైతే మామూలుగా ఒకేచోట కనీసం 10 దొరకాలి, అప్పుడు అది నిధి, 14 రోజుల్లో కరోనర్ అనే అధికారికి చెప్పాలి. ట్రాలీలో ఉన్నది ఒక్కటే కాబట్టి నేను బతికిపోయానట. నాణేన్ని కవర్లోంచి తీసినందుకు చీవాట్లు కూడా పెట్టాడు.

ఇవన్నీ నాకు తెలుసు. ప్రతి ఉగాదికీ మావాళ్లని మూలకి తీసుకెళ్లి నేను చెప్పేవి సరిగ్గా ఇవే. వీటితోపాటు మా నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల సంగతి. మనవైపు దొరికిన రోమన్ నాణేల్లో చాలావాటికి సరిగ్గా చక్రవర్తి ముఖం మీద గాటు ఉంటుందని, చలామణిలోంచి తీసేయడానికని కొందరు, లోపల అసలు లోహమేనా అని పరీక్షించడానికని కొందరు పండితులు అంటారని. చేతిలో పులిహోర ప్లేటుతో తలాడిస్తూ వాళ్లు పక్క చూపులు ఎందుకు చూసేవాళ్లో ఇన్నేళ్లకి అర్థమైంది. నేనూ పక్కకి చూశాను. బిల్లింగ్ దగ్గర నీలం కోటు, తెల్లజుట్టు.

ఆవిడ సంచులు సర్దిందీ, ట్రాలీని వర్షంలో వరస దాకా తోసిందీ నేనే. గొలుసు తగిలించాను. నాణెం రాలేదు. పౌండుకన్నా పలచన కదా, అడ్డం తిరిగి ఇరుక్కుంది. గార్డు నన్ను పక్కకి జరిపి, "వీటిని చాలా సున్నితంగా చూసుకోవాలి" అంటూ నడుముకున్న తాళాలగుత్తిలోంచి ఒక తాళం తీసి చీలికలో పొడిచాడు. చక్రవర్తి బయటికొచ్చాడు. నా భూతద్దం అడగకుండానే లాక్కుని, ముందు ఆయనే చూశాడు.

"ఎంత పెట్టారు?"

"45."

"నన్నడిగితే 20కి ఇప్పించేవాణ్ని" అన్నాడు.

పెద్దావిడ తొంగి చూసింది. "ఈ రేకు ముక్కకా డక్, నా మంచి పౌండు ఇచ్చింది?" ఇక్కడి పెద్దవాళ్లు ఎవర్నైనా ప్రేమగా డక్ అని పిలుస్తారు. వర్షంలో తడిసి నీళ్లు కారుతూ నిలబడ్డవాడికి ‘బాతూ’ అన్న పిలుపు ప్రేమగా వినిపించదు. పౌండు ఆవిడకి ఇచ్చేశాను. తీసుకుని, లెక్క చూసుకున్నట్టు రెండువైపులా తిప్పి మరీ చూసుకుంది.

కారులో లైటు వేసి చూశాను. కిరీటం కింది నుంచి గడ్డం దాకా, ముక్కు మీదుగా, కొత్తగా మెరుస్తూ తాళం గీత.

మా ఆవిడ నా చేతిలోంచి తీసుకుని వెలుగులో అటూ ఇటూ తిప్పింది. "బాగుందండీ. ఇప్పుడచ్చం మన నల్గొండలో దొరికినట్టుంది" అంది. తర్వాత వెనక సీట్లో సంచులు వెతికి, కొత్తిమీర మర్చిపోయామంది.

నాలుగయింది. గార్డు లోపలి నుంచి షట్టరు దించుతూ నాకేసి చెయ్యి ఊపాడు.