హెక్టార్ల లెక్కలో ఇళ్లు కనబడవు

కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, మారికుప్పం స్టేషన్‌లో తెల్లవారుజామున బెంగళూరు బయల్దేరే రైలును ఒక్కసారి చూస్తే చాలు, గని మూతపడ్డ ఊరు ఎలా బతుకుతుందో తెలుస్తుంది. ఒకప్పుడు షిఫ్టు సైరన్‌కు లేచిన ఊరు ఇప్పుడు రైలు టైముకు లేస్తోంది. వంద కిలోమీటర్ల దూరం వెళ్లి సెక్యూరిటీ గార్డుగానో, షాపులోనో, ఫ్యాక్టరీలోనో పనిచేసి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్లతో బోగీలు కిక్కిరిసిపోతాయి. వాళ్ల తాతలు పనికి పక్కకు పోలేదు, కిందికి పోయారు. భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా.

కోలారు బంగారు గనులు మూతపడి పాతికేళ్లయింది. కుప్పం, వి.కోట వాళ్లకు కేజీఎఫ్ పొరుగు ఊరే. కూలికి పోయినవాళ్లున్నారు, పిల్లనిచ్చినవాళ్లున్నారు. గనిలో దిగి పనిచేసినవాళ్లలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాడు, సేలం వైపు నుంచి వచ్చిన తమిళ దళితులు. చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. ఈ గనుల గురించి ఇప్పుడు రాయడానికి కారణం గతం మీద బెంగ కాదు. బంగారం దొరికే అదే రాతి పట్టీ మీద, మన ఆంధ్ర వైపు, మళ్లీ తవ్వకాల మాట వినిపిస్తోంది. అక్కడ ఏం జరిగిందో తెలుసుకోకుండా ఇక్కడ పలుగు వేయడం తెలివైన పని కాదు.

న్యూజిలాండ్‌లో యుద్ధం చేసి వచ్చిన లావెల్ అనే ఐరిష్ సైనికుడు 1870లలో కోలారులో తవ్వకాలకు మైసూరు ప్రభుత్వం దగ్గర అనుమతి సంపాదించాడు. డబ్బు చాలక హక్కులు అమ్ముకున్నాడు. 1880 నుంచి లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ చేతిలో గనులు నిలదొక్కుకున్నాయి. ఆ గనుల కోసమే శివసముద్రం దగ్గర కావేరి మీద జలవిద్యుత్ కేంద్రం కట్టి, 1902లో దాదాపు 150 కిలోమీటర్ల తీగ లాగి కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధి దీపాలకు కరెంటు వచ్చింది ఆ తర్వాత మూడేళ్లకు. 1965లో చాంపియన్ రీఫ్ గని లోతుల్లో మన శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ వాళ్లతో కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాల జాడ పట్టారు. ప్రపంచంలో ఆ పని మొదట చేసినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. ఇంత చరిత్ర ఉన్న ఊరు దేశంలో మరొకటి ఉంటే ఏదో ఒక మ్యూజియమో, స్మారకమో వెలిసి సెల్ఫీలు దిగేవాళ్లతో నిండిపోయేది.

మైసూరు ప్రభుత్వం 1956లో గనులను జాతీయం చేసింది. తర్వాత అవి కేంద్రానికి వెళ్లాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ పుట్టింది. అప్పటికే మేలురకం ఖనిజం అయిపోయింది. తొలిరోజుల్లో టన్ను రాయికి నలభై గ్రాములకు పైగా దొరికిన బంగారం చివరికి మూడు నాలుగు గ్రాములకు పడిపోయింది. లోతుకు వెళ్లేకొద్దీ వేడి, ఒత్తిడికి రాయి తనంతట పేలిపోవడం, ఖర్చు అన్నీ పెరిగాయి. 120 ఏళ్లలో 800 టన్నులకు పైగా బంగారం ఇచ్చిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆనాడు పది గ్రాముల బంగారం నాలుగున్నర వేల రూపాయల లోపే. 2025లో అది లక్ష దాటింది. ధర పెరిగిన ప్రతి రోజూ మొదటి పేజీలో వార్త వేసే మాలాంటి పత్రికలు, ఆ బంగారం తవ్వినవాళ్ల ఊరి గురించి ఎన్నిసార్లు రాశాయంటే వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మూసివేత నిర్ణయాన్ని మేం తప్పుపట్టడం లేదు. అమ్మే ధర కంటే తీసే ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువైన గనిని ఎల్లకాలం నడపలేరు. మేం తప్పుపడుతున్నది మూసిన తీరును. గని అంటే షాఫ్టు అనే నిలువు బావి, మనుషుల్ని దింపే కేజ్, రాయిని పిండి చేసే మిల్లు మాత్రమేనా? కేజీఎఫ్‌లో ఇల్లు కంపెనీది, ఆస్పత్రి కంపెనీది, నీళ్లు కంపెనీవి, కరెంటు కంపెనీది. తాత కట్టుకున్న ఇల్లని చెప్పుకోవడానికి గని కార్మికుల్లో చాలామందికి ఏమీ లేదు. వాళ్లు ఉండేది కంపెనీ లైన్లలో, అంటే కంపెనీ కట్టించిన వరస ఇళ్లలో. ఒక్క ఉత్తర్వుతో కంపెనీ లేకుండా పోయినప్పుడు ఉద్యోగం ఒక్కటే పోలేదు, ఊరి గోడలన్నీ యజమాని లేనివయ్యాయి. రావలసిన బకాయిల కోసం, ఉంటున్న ఇంటిపై హక్కు కోసం కార్మిక కుటుంబాలు ఏళ్ల తరబడి కాగితాలు పట్టుకుని తిరిగాయి. పంపులు ఆగిపోవడంతో సొరంగాలు నీళ్లతో నిండాయి. పాడుబడ్డ షాఫ్టుల్లోకి దొంగచాటుగా దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

ఊరికి మిగిలిన ఆస్తి సైనైడ్ దిబ్బలు. రాయిని పిండి చేసి, సైనైడ్‌తో బంగారం తీశాక పారబోసిన బూడిదరంగు మట్టి. దూరం నుంచి చూస్తే కొండలనుకుంటారు. ఎండాకాలం గాలి లేస్తే ఆ దుమ్ము కంట్లో పడుతుంది, నీళ్ల బిందెలో పడుతుంది, ఆరేసిన బట్టల మీద పడుతుంది. గనిలో రాతి ధూళి పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుతో పోయిన తాతల మనవలు ఇప్పుడు వీధిలో నిలబడి అదే రాతి ధూళి పీలుస్తున్నారు. ఆ దిబ్బల్లో మిగిలిన బంగారాన్ని మళ్లీ తీయాలన్న కేంద్రం ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం 2024 జూన్‌లో ఒప్పుకుంది. 13 దిబ్బలు, వెయ్యి ఎకరాలకు పైగా భూమి, దాదాపు 3.3 కోట్ల టన్నుల మట్టి. టన్నుకు గ్రాము బంగారం కూడా ఉండదు గానీ, ఇప్పటి ధరకు అదీ లాభమే. దిబ్బను కదిపితే దుమ్ము ఎవరి ఇంటి మీద పడుతుందో, లాభంలో ఊరికి ఎంత వాటా వస్తుందో టెండరు పిలవకముందే తేల్చాలి.

మన వైపు చూద్దాం. పాత అనంతపురం జిల్లా రామగిరి పేరు చెబితే జనానికి ఫ్యాక్షన్ గుర్తొస్తుంది, గని గుర్తురాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లిష్ కంపెనీ అక్కడ బంగారం తవ్వింది, 1927లో వదిలేసి పోయింది. మళ్లీ 1980లలో భారత్ గోల్డ్ మైన్స్ తెరిచింది. 2001లో కోలారుతో పాటే అదీ మూతపడింది. ఒకే ఊరిని బంగారం రెండుసార్లు పిలిచి రెండుసార్లు వదిలేసింది. ఇప్పుడు ఆ గుట్టల మీద తిరుగుతున్నవి గాలిమరలు.

కుప్పం దగ్గరి చిగురుగుంట, బిసానత్తం గనులదీ అదే కథ. కోలారు పట్టీకి దక్షిణపు కొస అది. అక్కడి ఖనిజం బ్లాకును వేలంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీ దక్కించుకుంది. కర్నూలు జిల్లా జొన్నగిరిలో ప్రైవేటు కంపెనీ గని వచ్చింది. తొలకరి వానలకు చేలల్లో వజ్రాలు వెతుక్కునే ఊళ్లవి, అదృష్టం మీద ఆశ వాళ్లకు కొత్త కాదు. ఉద్యోగాలు వస్తాయంటే ఎవరు కాదంటారు? మేమూ కాదనం.

కానీ గని మొదలుపెట్టే రోజునే అది మూతపడే రోజు గురించి రాసుకోవాలి. చట్టం కూడా అదే చెబుతోంది. గని తెరిచేవాళ్లు మూసివేత ప్రణాళిక ఇవ్వాలి, హామీ సొమ్ము కట్టాలి. ఆ ప్రణాళికలో కార్మికుల సంగతేమిటని ఒక శీర్షిక కూడా ఉంది. అయితే హామీ సొమ్మును సాధారణంగా లెక్కగట్టేది హెక్టార్లలో. తవ్విన నేల ఎంత, మట్టి పారబోసిన నేల ఎంత అనే లెక్క. ఎన్ని కుటుంబాలు, ఎన్ని ఇళ్లు, ఎంతమంది పిల్లలు అనే లెక్క అందులో లేదు. గుంత పూడ్చడానికి, చుట్టూ కంచె వేయడానికి సొమ్ము దొరుకుతుంది. గని పక్కన వెలిసిన ఊరికి దొరకదు.

2015లో చట్టం సవరించాక జిల్లా ఖనిజ నిధులు వచ్చాయి. వేలంలో లీజు పొందినవాళ్లు, తీసిన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రాయల్టీలో 10 శాతానికి సమానమైన సొమ్మును అదనంగా ఈ నిధికి కట్టాలి. మంచిదే. అయితే గని నడిచినన్నాళ్లే ఈ సొమ్ము వస్తుంది, ఊరికి అసలు అవసరం పడేది అది ఆగిన తర్వాత. ఏ ఏటికాఏడు రోడ్లకు, భవనాలకు ఖర్చుపెట్టేస్తే చివరి షిఫ్టు ముగిసిన మర్నాడు ఖాతాలో ఏమీ ఉండదు. అందులో కొంత భాగాన్ని మూసివేత తర్వాతి కోసం ఎవరూ ముట్టుకోకుండా కట్టేయాలి. కార్మికుల ఇళ్ల స్థలాలు మొదటి రోజు నుంచే వాళ్ల పేరు మీద ఉండాలి, కంపెనీ పేరు మీద కాదు. ఆస్పత్రి, మంచినీళ్లు పంచాయతీ చేతిలో ఉండాలి. వ్యర్థాల దిబ్బ ఎక్కడ పోస్తారో, గాలి ఎటు వీస్తుందో చూసి గ్రామసభలో తేల్చాలి.

ఇవి కంపెనీలకు కొత్త ఖర్చులే. పెట్టుబడులు వెనక్కి పోతాయని అధికారులు భయపడవచ్చు. పది గ్రాములు నాలుగు వేలున్న రోజుల్లో ఆ భయానికి అర్థం ఉంది, లక్ష దాటిన రోజుల్లో లేదు. చిగురుగుంట పాత షాఫ్టుల్లో నిలిచిన నీళ్లను తోడే మోటార్లు బిగించేలోపు, చుట్టుపక్కల ఎన్ని ఇళ్లున్నాయో తహసీల్దారు ఒక రిజిస్టరులో రాసి, దాని నకలు పంచాయతీ గోడకు అంటించాలి.